అమ్మ కంటి పూస

అబద్ధ సాక్ష్యం పలకకూడదని ఆదివారం బడిలో మాకు పాలపళ్ళు ఊడే వయసులోనే నేర్పారు. కాని అసలు సాక్ష్యమే చెప్పకుండా తప్పుకుంటే అది ఏ పాపం కిందికి వస్తుందో ఎవరూ చెప్పలేదు. పదకొండేళ్ళుగా ఈ సందేహం నాతోనే ఉంది. ప్రార్థనలో కళ్ళు మూసుకుంటే వస్తుంది. మర దగ్గర మొక్కజొన్న పోస్తుంటే వస్తుంది. నా సంగతని చెప్పకుండా ఒకసారి పాస్టరు గారిని అడిగాను. "మనిషికి తెలిసినంతవరకే చెప్పాలి పెద్దా, తెలియంది చెప్పకూడదు" అన్నారాయన. నాకు ఎంతవరకు తెలుసు? చిక్కంతా అక్కడే ఉంది.

నా చెల్లెలు మామ్లే పూసలు చేస్తుంది. మా ఊరు ఒడుమాసేలో ఇది గొప్పగా చెప్పుకునే మాట కాదు. ఇక్కడ ఏ ఇంటి వెనక్కి వెళ్ళినా పుట్టమన్నుతో కట్టిన బట్టీ ఒకటి కనిపిస్తుంది. అయితే అందరూ చేసేవి తాతల నాటి పూసలే. పసిబిడ్డ మొలకు కట్టేది ఒకటి, పెద్దమనిషైన పిల్లకు కట్టేది ఒకటి, శవానికి వేసేది ఒకటి. ఆ చుక్కలు, ఆ గీతలు ఎవరూ మార్చరు. మామ్లేకి మాత్రం అవి చేయడం చిన్నప్పటి నుంచీ విసుగు. మా బాబాయి దగ్గర పని నేర్చుకుని, పాతికేళ్ళకే విడిగా బట్టీ కట్టుకుంది. మొక్కజొన్న పిండి కెంకీ ఉడికించిన గిన్నె అడుగున మాడిన పెచ్చు చూసి ఒక పూస చేసింది. లారీలు ఆగే చోట బురదనీళ్ళలో తేలే నూనె రంగులు చూసి ఇంకొకటి చేసింది. దాన్ని దండగా కూడా గుచ్చేది కాదు. సన్నటి తీగకు ఒకే పూస వేలాడదీసి అగోమాన్యా సంతలో పెట్టేది.

"ఒక్కటేనా? మిగతావి ఎలుకలు తిన్నాయా తల్లీ?" అనేవాళ్ళు సంతలో ఆడవాళ్ళు.

"మెడ కూడా ఒక్కటే కదమ్మా నీకు" అనేది మామ్లే.

వాళ్ళు నవ్వి, దండలు కొనుక్కోవడానికి పక్క కొట్టుకు పోయేవాళ్ళు. కాని రాజధాని ఆక్రాలో కొట్టున్న ఒకామె నెలకోసారి వచ్చి మామ్లే చేసినవన్నీ పట్టుకుపోయేది. ఒక్కొక్క పూస కింద చిన్న చీటీ మీద "మామ్లే చేసినది" అని రాసిపెడతానని ఆమె మాటిచ్చింది. ఆ చీటీ తలచుకుని నా చెల్లెలు నిద్రపోయేది కాదు. "పూసల మీద మనిషి పేరు ఎప్పుడైనా చూశావా అన్నా? చేసినోళ్ళందరూ ఎటుపోయారంటావ్?" అని అడిగేది.

అమ్మ పోయింది ఈ సంగతి జరగడానికి ముందటి వానల్లో. చివరి నాలుగేళ్ళు ఆమెకు కళ్ళు సరిగా కనబడలేదు. గోధుమరంగు కనుపాప చుట్టూ నీలం కలిసిన తెల్లటి వలయం కమ్ముకుంది. వెలుతురు వైపు తిరిగినప్పుడు ఆ కన్ను చాలా అందంగా ఉండేది, అలా అనడం తప్పేమో తెలియదు. మామ్లేయే ఆమెకు స్నానం చేయించింది, అన్నం పెట్టింది. అమ్మ పోయాక ఇంట్లో మిగిలినవి ఆమె కుర్చీ, రెండు బట్టలు, కిటికీలో అజీర్తికి తాగిన మందు సీసా. ఆ సీసా ముదురు నీలం.

ఒక ఆదివారం నేను చర్చికి వెళ్తూ మామ్లే ఇంటి ముందు ఆగాను. అది పెద్దమనుషులైన పిల్లలకు పూసలు కట్టి ఊరేగించే నెల. ఆ నెల వస్తే మా పాస్టరు గారి గొంతు పెరుగుతుంది. ఆ తంతుకు పూసలు ఇచ్చినవాళ్ళను, బట్టీ దగ్గర కనబడినవాళ్ళను ప్రభువు బల్లకు దూరం పెడతారు. పైగా ఇంకో నాలుగు వారాల్లో సంఘపెద్దల ఎన్నిక. నా పేరు ఉంది. కాబట్టి నేను ఆగకూడదు. చెల్లెల్ని నాలుగు మాటలు అని పోదామని ఆగాను.

"సరిగ్గా వచ్చావు" అంది మామ్లే. "ఇది దంచిపెట్టు. నీది మర పట్టే చెయ్యి, మెత్తగా వస్తుంది."

ఇనుప రోట్లో అమ్మ మందు సీసా ముక్కలు ఉన్నాయి.

"ఆదివారం పూటా?"

"అమ్మ సీసా అన్నా. దేవుడేమీ అనుకోడు. అనుకుంటే నా పేరు చెప్పు."

నేను పై గుడ్డ తీసి కొయ్యకు తగిలించి దంచడానికి కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పమంటే, నాకు ఆ పని ఇష్టం, అంతే. నీలం పొడి మైదాలా వచ్చేదాకా దంచి, పాత గుడ్డలో జల్లించాను. మామ్లే మట్టి అచ్చులోని మూడు గుంటల్లో ముందు పసుపు గాజుపొడి, తర్వాత గోధుమరంగుది, మధ్యలో వెంట్రుకంత సన్నగా నీలం, తెలుపు కలిపినది పోసింది. గుంట మధ్యన కర్రపెండలం ఆకు కాడ నిలబెట్టింది. బట్టీలో ఆ కాడ కాలిపోతుంది, దాని చోట దారం పట్టే బెజ్జం మిగులుతుంది.

అచ్చు బయటికి తీసినప్పుడు మూడూ ఎర్రగా నిప్పుల్లా ఉన్నాయి. ఒకటి పగిలింది. ఒకటి అచ్చుకు అంటుకుపోయింది. మూడోదాన్ని మామ్లే రెండు ఇనుప ఊచలతో తిప్పుతూ గుండ్రం చేసింది. అది చల్లారకముందే చర్చి వదిలిన గంట వినబడింది. నేను గాజు పొడి దులుపుకుని, గుడ్డ వేసుకుని, వెనక సందులోంచి ఇంటికి పోయాను. జబ్బు మనిషిని చూడడానికి పక్క ఊరు సొమాన్యా వెళ్ళానని చర్చిలో చెప్పాను.

ఇక్కడే నా సందేహానికి ఆధారం ఉంది. కాలుతున్న గాజుకు దాని అసలు రంగు కనబడదు. నేను చూసింది ఎర్రటి ముద్ద. చల్లారిన పూసను నేను చూడలేదు. మామ్లే దాన్ని అమ్మమ్మ తిరగలి రాయి మీద ఇసుక, నీళ్ళు వేసి ఇరవై రోజులు సాన పట్టిందట. అన్ని రోజులు ఎవరూ పట్టరు. దాని మెరుపు పోయి, చర్మంలాంటి నున్నదనం వచ్చింది. వందేళ్ళు ఆడవాళ్ళ ఒంటి మీద తిరిగిన పూసకు మాత్రమే వచ్చే నున్నదనం అది.

దాన్ని మెడలో వేసుకుని మామ్లే ఒక పెళ్ళికి వెళ్ళింది. అక్కడ లాకో అవ్వ కూర్చుని ఉంది. ఊళ్ళో ఆమె ఇంటి పూసల పెట్టె అంత పాతది ఇంకొకటి లేదు. చూపు ఆనక, పలకరించినవాళ్ళ మెడలు తడిమి పోల్చుకునేది. మామ్లే మెడ తడిమి, ఆగిపోయింది. పూసను చెంపకు ఆనించుకుంది. పంటి మీద రాసి చూసింది. తర్వాత గట్టిగా ఏడవడం మొదలుపెట్టింది.

"వచ్చేసింది" అంది. "మా అమ్మ పూస. నేను పెద్దమనిషైన ఏడు పోయింది. తనంతట తానే తిరిగొచ్చింది."

ఆమె అబద్ధమాడలేదు. చిన్నప్పుడు ఆమె ఇంట్లో ఒక పసుపు పూస నిజంగానే పోయింది, ముసలివాళ్ళందరికీ గుర్తుంది. పాత పూసలు భూమిలో పిల్లలు పెడతాయని, అలిగితే ఇల్లు వదిలిపోతాయని నమ్మే మనుషులం మేము. నేను నమ్మను. అయినా నా మెడలోంచి పోయినది తిరిగి రావాలనుకుంటే నేనూ చెంపకు ఆనించి చూసేవాణ్ణేమో.

శనివారం లాకో అవ్వ వాకిట్లో పెద్దలు కూర్చున్నారు. ఆమె తమ్ముడి కొడుకు కోర్లెటే మాట్లాడాడు. సంతలో అతనివి మూడు కొట్లు.

"ఎక్కడ తవ్వావమ్మాయ్? కొండ మీద పాత సమాధుల్లోనా? ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎవరూ కొట్టరు."

"తవ్వలేదు. చేశాను."

"చేశావా! విన్నారా? మా తాత కూడా ఆ కొండని చేశాడు, సాయంత్రం పూట ఊసుపోక."

వాకిలంతా నవ్వింది.

"అయితే పగలగొట్టండి" అంది మామ్లే. "లోపల మందు సీసా గాజు కొత్తగా మెరుస్తూ ఉంటుంది. మీకే తెలుస్తుంది."

లాకో అవ్వ పూసను రెండు చేతులతో రొమ్ముకు అదుముకుంది. పాత పూస పగిలితే ఆ ఇంట్లో మనిషి పోతారంటారు. ఒక పెద్దాయన లేచి, "ఏం మాటే అది? నోరు కడుక్కో" అని కసిరాడు.

"సరే, నువ్వు చేస్తుంటే చూసినవాళ్ళున్నారా?" అన్నాడు కోర్లెటే.

"మా అన్న. నీలం గాజు దంచింది ఆయనే. చెప్పన్నా. ఒక్క మాట."

అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళలో మా సంఘపెద్దలు ఇద్దరున్నారు. ఏ రోజు చూశావని వాళ్ళు అడుగుతారు. ఆదివారం అనాలి. ఆ ఆదివారం సొమాన్యాలో ఉన్నానన్నావు కదా అంటారు. ఎన్నిక మర్నాడే. ఇదంతా ఒక్క దగ్గు దగ్గేంత సేపట్లో నా తలలో తిరిగింది.

"నా చెల్లెలు చాలా పూసలు చేస్తుంది" అన్నాను. "ఇది వాటిలోదో కాదో నేను చెప్పలేను."

ఇందులో అబద్ధం ఎక్కడుంది? పదకొండేళ్ళు ఒక్కొక్క పదం విడదీసి చూశాను. ఏ పదానికి ఆ పదం నిజమే.

మామ్లే నన్ను చూసి నవ్వింది. చిన్నప్పుడు నేను చెట్టు మీంచి జారి పడితే నవ్విన నవ్వే. పూస లాకో అవ్వదేనని తేల్చారు. దొంగతనానికి ఒక గొర్రె, ఒక సీసా సారా తప్పు వేశారు. వీధిలోకి వచ్చాక మామ్లే నా పక్కన నడుస్తూ మామూలు గొంతుతోనే అంది.

"నాకో మాట బాకీ పడ్డావన్నా. నేను అడగను. నీకు కుదిరినప్పుడు తీర్చు."

"నేను నిజంగా చల్లారాక చూడలేదు మామ్లే..."

"అమ్మని కూడా చల్లారాకే చూశావుగా. గుర్తుపట్టావా లేదా?"

మర్నాడు నన్ను సంఘపెద్దగా ఎన్నుకున్నారు.

ఆక్రా ఆమె మళ్ళీ రాలేదు. దొంగ పూసల గొడవ తనకొద్దని మనిషి చేత చెప్పి పంపింది. సంతలో మామ్లే తట్ట ముందు కూర్చుంటే, "తవ్వుకొచ్చావా, ఎముకలేమన్నా తగిలాయా?" అనేవాళ్ళు. ఆమె ఎప్పుడూ ఎదురు జవాబు చెప్పే మనిషి, అదీ మానేసింది. రెండేళ్ళకు వానకు బట్టీ కూలింది. మళ్ళీ కట్టలేదు.

పోయి తిరిగొచ్చిన పూస కథ మాత్రం దూరదూరాలకు పోయింది. ఎక్కడెక్కడి వాళ్ళో లాకో అవ్వ వాకిట్లోకి వచ్చి ఆ పూసను చూసి పోయేవాళ్ళు. మూడు వందల ఏళ్ళ నాటిదని కోర్లెటే చెప్పేవాడు, ఆ తర్వాత నాలుగు వందలన్నాడు. అతను దాని నకళ్ళు చేయించడం మొదలుపెట్టాడు. లాకో పూస అని పేరు పెట్టాడు. చేయడానికి కూలీకి మనుషులు కావలసి వచ్చింది. మామ్లేకి తిండి కావలసి వచ్చింది.

అలా నా చెల్లెలు తన పూసకు తానే నకళ్ళు చేసే కూలికి కుదిరింది. రోజుకు నూరు, నూట ఇరవై పూసలు. ఒకసారి మర బెల్టు కోసం వెళ్తూ కోర్లెటే పెరటి గోడ పక్క నుంచి విన్నాను.

"మామ్లే, నీ చెయ్యి మొద్దమ్మా. ఆ నీలం వలయం పాతోళ్ళు ఎంత సన్నగా వేశారో చూడు. నువ్వు వేసింది బండి చక్రంలా ఉంది."

"నిజమే మామా" అంది మామ్లే. "ఆ చెయ్యి వేరు. ఇప్పుడెవరికొస్తుంది?"

పక్కనున్న ఆడవాళ్ళు జాలిగా నాలుక చప్పరించారు. ఆమె కావాలనే లావుగా వేస్తోందో, నిజంగానే చెయ్యి మొద్దుబారిందో నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు.

కోతల పండుగ ఆరాధనకు నా భార్య కంఫర్ట్ మెడలో కొత్త లాకో పూసల దండ వేసుకుని వచ్చింది. అమ్మ కళ్ళు నలభై, వరసగా.

"తీసెయ్" అన్నాను.

"ఎందుకు? పాస్టరమ్మ కూడా వేసుకుంది. ఇది అలంకారమే, ఆ తంతుకు సంబంధం లేదని ఆమే చెప్పింది."

"నీకు బాగాలేదు."

"ముప్పై ఏళ్ళలో నాకేది బాగుందో ఒక్కరోజూ చెప్పలేదు, ఇవాళ బాగాలేదని మాత్రం కనబడిందా?"

ఆ రోజు పాటలన్నీ ఆ నలభై కళ్ళ ముందు నిలబడి పాడాను. దేవుడు వేరే చోటికి చూస్తున్నాడేమోనని మొదటిసారి అనుకున్నాను. వెంటనే క్షమించమని అడిగాను. క్షమించాడో లేదో తెలిసే దారి లేదు.

ఈ ఏడు లాకో అవ్వ పోయింది. తొంభై దాటింది. చివర్లో బాప్తిస్మం తీసుకుంది కాబట్టి చర్చి తరఫున ప్రార్థన చేయమని నాకు చెప్పారు. శనివారం పొద్దున ఆమెను అలంకరించి పడుకోబెట్టారు. మెడలో ఇంకేమీ లేదు, ఆ ఒక్క పూసే, నల్ల తాడుకు. ఆమె కోసం తిరిగొచ్చిన పూస ఆమెతోనే పోవాలని ఇంటివాళ్ళు నిర్ణయించుకున్నారట.

నేను ప్రార్థన పుస్తకం పట్టుకుని శవపెట్టె దగ్గర నిలబడ్డాను. అప్పటివరకు ఆ పూసను దగ్గరగా చూసే ధైర్యం నాకు లేకపోయింది. పదకొండేళ్ళలో అదే మొదటిసారి. పొద్దుటి ఎండ దాని మీద పడుతోంది. పసుపు, దాని లోపల గోధుమరంగు, దాని చుట్టూ నేను దంచిన నీలం. అది వెలుతురు వైపు తిరిగి ఉంది. ఇది అదో కాదో చెప్పలేనని ఏ నోటితో అన్నానో నాకే అర్థం కాలేదు.

పెట్టె మూసేస్తే నేను బాకీ ఉన్న మాట చెప్పడానికి ఎదురుగా ఏమీ ఉండదు.

"ప్రార్థనకు ముందు ఒక సంగతి" అన్నాను. "ఈ పూస నా చెల్లెలు మామ్లే చేసింది. ఒక ఆదివారం నాడు, తన బట్టీలో. నేను పక్కనే ఉన్నాను. ఇందులో నీలం మా అమ్మ మందు సీసా. దంచింది నేను. ఇది మా అమ్మ కన్ను చూసి చేసిన పూస. ఆ రోజు నేను సొమాన్యాలో లేను. చర్చిలో చెప్పింది అబద్ధం. ఈ వాకిట్లో చెప్పిందీ అబద్ధమే."

తర్వాత కోర్లెటే మెల్లగా వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పెద్దాయన పొద్దుటి నుంచీ ఏమీ తిన్నట్టు లేడు. నీడలో కూర్చోబెట్టండి, నీళ్ళివ్వండి."

"నేను బాగానే ఉన్నాను కోర్లెటే."

"పదకొండేళ్ళు నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా?" అని వెనకెవరో అన్నారు. కొందరు నవ్వారు. "పోయిన మనిషి మెడ మీద తగువా? సిగ్గులేదూ?" అని ఒక ముసలామె ఉమ్మింది. లాకో అవ్వ మనవరాలు పాదీకి మాత్రం నవ్వలేదు. వంగి పూసను ఒకసారి చూసింది, నన్ను చూసింది, కొంగుతో అవ్వ మెడ కప్పేసింది. పెట్టె మూశారు. ప్రార్థన ఇంకొకరు చేశారు. పాస్టరు గారు పక్కకు పిలిచి, "సోమవారం వచ్చి కలవండి సకితే" అన్నారు. ఆ రోజు దాకా ఆయన నన్ను పేరు పెట్టకుండా పెద్దా అని పిలిచేవారు.

అక్కడి నుంచి కోర్లెటే పెరటికి నడిచాను. చావు ఇంటికి పొరుగూళ్ళ నుంచి జనం వస్తారు, పూసలు కొంటారు. అందుకని కూలీలకు సెలవివ్వలేదు. మామ్లే కింద కూర్చుని అచ్చు గుంటల్లో పెండలం కాడలు నిలబెడుతోంది. జుట్టు నెరిసింది. నేను ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"చెప్పేశాను" అన్నాను.

"ఎక్కడ?"

"లాకో అవ్వ పెట్టె దగ్గర. అందరి ముందు."

ఆమె చెయ్యి ఆగలేదు. ఒక కాడ, ఇంకో కాడ.

"ఏమని చెప్పావు?"

మొదటి నుంచీ మళ్ళీ చెప్పాను. ఆదివారం అన్నాను, అమ్మ సీసా అన్నాను, దంచింది నేనన్నాను, రెండు చోట్లా అబద్ధమాడానన్నాను. ఆమె వింటూ గుంటలన్నీ పూర్తి చేసింది.

"పూస ఏదీ?"

"పెట్టెలో వేసి మూసేశారు."

"ఎవరైనా నమ్మారా?"

"లేదు. ఆ పిల్ల పాదీకి ఒక్కతే... ఏమో తెలియదు."

మామ్లే అచ్చును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని లేచింది. బట్టీ దగ్గరికి వెళ్ళడానికి నేను అడ్డుగా ఉన్నాను.

"సరే. నీ బాకీ తీరిపోయింది" అంది. "పక్కకు జరుగు, వేడి తగులుతుంది."